దండం పెట్టిన మెసేజి

గరనాళా దగ్గర ఆటో ఆగిపోయింది. రైలు పట్టాల కింద నుంచి దూరి వెళ్ళే దారిని సూరత్‌లో గరనాళా అంటారు. ఓ మోస్తరు వాన పడితే చాలు, అది దారిగా ఉండడం మానేసి నీళ్ళ తొట్టిగా మారిపోతుంది. డ్రైవరు ఇంజను ఆపి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, బీడీ వెలిగించి, "పానీ ఉతరే తో జాయేంగే" అని, నీళ్ళు దిగితేనే పోతామని ప్రకటించాడు. భేస్తాన్‌లో ఎక్కినవాళ్ళలో సగంమంది అక్కడే దిగి గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. వెనక సీట్లో మిగిలింది నేనూ, నా పక్కన ఇంకో మాస్కూ.

అది రెండోసారి రోగం ఊళ్ళను ఊపి వదిలిన ఏడాది, 2021 వానాకాలం. ఆ రోజుల్లో పక్కన కూర్చున్నవాణ్ణి మనిషిగా లెక్కపెట్టడానికి కొంత సమయం పట్టేది. ముందు ముక్కు కప్పుకున్నాడా లేదా చూసేవాళ్ళం. తర్వాత దగ్గుతాడేమోనని చెవి ఒగ్గేవాళ్ళం. ఆయనా నన్ను అలాగే చూస్తున్నాడని కళ్ళను బట్టి తెలుస్తూనే ఉంది.

నేను నవాగామ్ వెళుతున్నది పుస్తకాల కోసం. అక్కడ ఒక తెలుగు మాస్టారు పోయారనీ, ఆయన బీరువాలోని పుస్తకాలు చదివేవాళ్ళకు ఇచ్చేస్తామని ఇంట్లోవాళ్ళు అంటున్నారనీ రైల్లో ఎవరో చెప్పారు. ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఊళ్ళు తిరగడం నాకు పాత అలవాటు. ఆటో ఎప్పటికి కదులుతుందో తెలియదు గనక సంచిలోంచి పోస్టుకార్డు తీసి, మోకాలి మీద పెట్టుకుని, నెల్లూరి స్నేహితుడికి నాలుగు ముక్కలు రాయడం మొదలుపెట్టాను.

పక్క మాస్కు మెల్లగా నావైపు ఒరిగింది.

"ఏం రాస్తున్నవ్?"

తెలుగు. అందులోనూ తెలంగాణ తెలుగు. కార్డు మీది అక్షరాలు చూసి పట్టేసినట్టున్నాడు.

"ఉత్తరమండీ."

"ఎవలకు?"

"స్నేహితుడికి."

"అండ్ల నా పేరేమన్న రాసినవా?"

"మీ పేరే నాకు తెలియదు కదా!"

"తెల్వకుంటనే రాసుకపోయినోళ్ళున్నరు పెద్దాయనా. పోయినేడు సర్వే అని ఒకడొచ్చిండు. ఇంట్ల ఎందరున్నరు, దగ్గున్నదా, జరమున్నదా అన్నడు. మంచిగ మాట్లాడిండని చాయ్ గూడ పోసినం. తెల్లారి లేచి చూస్తె మా గల్లీకి అడ్డంగ బొంగులు గట్టి ఉన్నయ్."

నేను కార్డు ఆయనకే ఇచ్చాను. మొదటినుంచి చివరిదాకా చదివాడు. నా స్నేహితుడి మోకాళ్ళ నొప్పి సంగతి కూడా వదల్లేదు. తిరిగి ఇస్తూ, "చెయ్యి మంచిగనే ఉన్నది. ఆఖర్ల మాత్రం తొందరవడ్డవ్" అన్నాడు. కార్డు చివర జాగా అయిపోతుంటే అక్షరాలు ఇరికించిన మాట నిజమే.

తర్వాత కాసేపు వానవైపు చూసి, "నిన్నొకటి అడగాలె. ముందుగాల నువ్వు మా మాస్టర్ మనిషివి కాదని చెప్పు" అన్నాడు.

మాస్టర్ అంటే వాళ్ళ మగ్గాల షెడ్డులో పని చూసే మేస్త్రీ అట. ఆయనెవరో కూడా నాకు తెలియదని చెప్పాను. ఆధార్ కార్డు చూపించమన్నాడు. చూపించాను. ఫోటోకేసి, నాకేసి, మళ్ళీ ఫోటోకేసి చూసి, మాస్కు దించమన్నాడు. దించాను. అప్పుడు గాని తన పేరు చెప్పలేదు.

అంబదాస్. యాభై దాటిన మనిషి. తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి నేతపని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం. పుట్టింది సూరత్‌లోనే, అక్షరాలు నేర్చింది ఇక్కడి కార్పొరేషన్ వాళ్ళ తెలుగు బడిలో. మీసాలు రాకముందే మరమగ్గాల మధ్యకు వెళ్ళాడు. ఆ మోతలో బతికినవాళ్ళందరికీ చెవులు కొంచెం మందగిస్తాయి, గొంతులు మాత్రం పెరుగుతాయి. అంబదాస్ తన అనుమానాలన్నీ నాకు రహస్యంగా చెబుతున్నాననే అనుకున్నాడు. డ్రైవరుకి తెలుగు రాదు గనక సరిపోయింది.

ఆయన గొడవ అర్థం కావాలంటే జోడీ అంటే ఏమిటో తెలియాలి. మరమగ్గాల షెడ్డును అక్కడ ఖాతా అంటారు. ఖాతాలో ఒక్కో నేతగాడికి ఒక వరస మగ్గాలు. పగటి పాళీకి ఒకడు, రాత్రి పాళీకి ఒకడు, మగ్గాలు మాత్రం అవే. ఆ ఇద్దరూ జోడీ. ఆలుమగల కాపురమైనా నయం. ఇక్కడ ఒకడు తెంపిన పోగు ఇంకొకడు అతకాలి, ఒకడి చేతిలో పడ్డ మచ్చకి ఇంకొకడు మాట పడాలి. అందుకే ఏ శేఠూ జోడీని బలవంతంగా కట్టడు. రాత్రివాడు మానేస్తే, కొత్తవాణ్ణి తేబోయే ముందు పగటివాణ్ణి అడుగుతారు. వాడు 'హా' అంటేనే కొత్త చెయ్యి మగ్గం మీద పడుతుంది. ఇది ఎక్కడా కాగితం మీద లేదు, అయినా అందరూ పాటిస్తారు.

అంబదాస్ పగటివాడు. రాత్రివాడు సోమలింగం. పగటి పాళీ దొరకడమంటే చిన్న సంగతి కాదు. అంబదాస్ కూడా వయసంతా రాత్రులు నేసి, ఎండలో నిద్రపోయి, పిల్లలు పెరగడం సెలవురోజుల్లో మాత్రమే చూసి, ఈ మధ్యనే పగటికి వచ్చాడు. "ఇప్పుడిప్పుడే మా ఆమె ముఖం దీపం ఎల్తుర్ల చూస్తున్న" అని నవ్వాడు. "మాపటికి ఇంట్ల కూసోని అన్నం తినుడంటే ఏందో ఈ ఏడే ఎరుకైంది."

జోడీలో ఇద్దరూ కలిసేది పాళీ మారేటప్పుడు బీడీ కాలేంతసేపు. అప్పుడైనా మగ్గాలు ఆగవు. నోరు కదలడం కనిపిస్తుంది గాని మాట వినబడదు. అందుకని వెళ్ళేవాడు వచ్చేవాడికి చెప్పదలచుకున్నది సుద్దముక్కతో మగ్గం ఇనుప చట్రం మీద రాసిపోతాడు. ఎక్కడ తార్, అంటే పోగు, తెగుతోంది, పడుగు చుట్టిన ఏ బీమ్ అయిపోవచ్చింది, ఇలాంటివి. వీళ్ళిద్దరూ అక్కడితో ఆగలేదు.

"సోమన్న ఏం రాస్తడో ఎరికనా? 'మూలకున్న మగ్గం అలిగింది, నీ పెండ్లాం అనుకోని బుజ్జగించు' అని రాస్తడు. నేనేమన్న తక్కువనా? 'నీకు అలవాటుంటది, నువ్వే బుజ్జగించకపోయినవా' అని కిందికి రాస్త. మాస్టర్‌కు తెలుగు రాదు. పని సంగతి అనుకుంటడు."

"నోటితో మాట్లాడుకోరా?"

"నోటితోని ఏం మాట్లాడుతం? ఆయన బిడ్డ పెండ్లి కుదిరింది గూడ నాకు మగ్గం మీదనే తెల్సింది."

రోగం వచ్చాక శేఠ్ మగ్గాల మీద మందు కొట్టించి, సుద్ద నిషేధించాడు. ఒకరు ముట్టింది ఇంకొకరు ముట్టకూడదట. "మగ్గం ఇద్దరం ముట్టొచ్చు, సుద్ద ముట్టొద్దు! సదువుకున్నోడు గదా, మనమేమంటం" అన్నాడు అంబదాస్. దానికి బదులు ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. ఏ మగ్గానికి ఏమైనా అందులో చెప్పాలి. అందులో పొద్దునపూట పువ్వులు, సాయంత్రం వంటింటి వైద్యాలు, మధ్యలో చావు కబుర్లు. ఒకసారి వరంగల్‌లో ఉన్న మేనమామ పోయాడని దాంట్లో చూసి, అంబదాస్ ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేశారు. మర్నాడు ఆ మేనమామే ఫోన్ చేసి సూది మందు వేయించుకున్నారా అని అడిగాడు. "ఆయన పేర మునిగిన నీళ్ళు ఆరకముందే ఆయనతోని మాట్లాడిన. ఇగ అప్పటిసంది ఫోన్ల ఏదొచ్చినా సగం తీసేస్త."

మిగతా సగం నమ్మకం కూడా పోయింది ఈ మధ్యే. ఎండల్లో రోగం రెండోసారి వచ్చినప్పుడు సోమలింగం ఊపిరి అందక ఆస్పత్రిలో పడ్డాడు. బయటపడ్డాక ఊరికి తీసుకుపోయారని కబురు. ఫోన్ చేస్తే కొడుకు ప్రణయ్ ఎత్తి "నాయిన పండుకుండు" అనేవాడు. ఎప్పుడు చేసినా పండుకునే ఉండేవాడు. మొన్న సోమలింగం ఫోన్ నుంచి ఒక మెసేజి వచ్చింది. ఇక రాననీ, మగ్గాలు ఇంకెవరికైనా ఇవ్వమనీ. హిందీ మాటలు, ఇంగ్లీషు అక్షరాలు, చివర రెండు చేతులు జోడించిన బొమ్మ. మాస్టర్ దగ్గర మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఇవాళ సాయంత్రం పాళీ మారేలోపు అంబదాస్ 'హా' అంటే ఆ కొత్తవాడు మగ్గాలు ఎక్కుతాడు. అన్నాక ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. సోమలింగం రేపు వచ్చి నిలబడినా చోటు ఉండదు.

ఫోను నా ముఖం ముందు పెట్టాడు. "చూడు. సోమన్న నాతోని ఎన్నడు హిందీ మాట్లాడలె. అది గూడ పక్కకు పెట్టు. గీ దండం చూడు! సోమన్న నాకు దండం పెడ్తడా? దేవుని గుడిల గూడ చేతులు ఎనకకు కట్టుకోని నిలవడే మనిషి!"

"మరి ఎవరు పెట్టుంటారు?"

వేళ్ళు మడిచాడు. మాస్టర్ పెట్టించి ఉండొచ్చు, తన మనిషిని దూర్చడానికి. కొడుకు పెట్టి ఉండొచ్చు, వాడు మొబైల్ దుకాణంలో పని చేస్తాడు, వేళ్ళు ఊరుకోవు. ఇంకొకటి ఉంది, అది చెప్పడానికి గొంతు తగ్గించాడు, అంటే మామూలు మనుషుల గొంతుకు వచ్చింది. "మనిషే లేడేమో పెద్దాయనా. పోయింది చెప్పకుంట ఫోన్ నడిపిస్తున్నరేమో. గీ రెండేండ్లల్ల ఎన్ని జూడలె?"

నిన్న ఎవరో నవాగామ్ గల్లీలో సోమలింగాన్ని ఆయన ఇంటి కిటికీ దగ్గర చూశామన్నారట. చూసినవాడి మాట కూడా అంబదాస్‌కు నమ్మకం లేదు, మాస్కు పెట్టుకుంటే అందరూ ఒకటే. అందుకని ఇవాళ నాగా పెట్టి బయలుదేరాడు.

"చెయ్యి చూస్తె చాలు. సోమన్న రాసిండా లేదా గుడ్డిదీపంల గూడ చెప్త. రాను అని ఆయన చేత్తోని రాస్తె, మాస్టర్‌కు హా అంట. లేకపోతె అనను."

నాకు ఆయన ధీమా మీద అనుమానం వచ్చింది. నిజానికి ఈ సూరత్ ఒకప్పుడు చేతిరాత మీద నడిచిన ఊరే. ఇక్కడి షరాబులు హుండీ, అంటే సొమ్ము చెల్లించమనే చీటీ, రాసిస్తే ఎక్కడో ఆగ్రాలో ఇంకో షరాబు ఆ రాతను చూసి సొమ్ము ఇచ్చేవాడు, మనిషిని చూసి కాదు. ఇక్కడ కొట్టు పెట్టుకున్న ఇంగ్లీషు వర్తకులు సీమకు ఉత్తరం రాస్తే, అదే ఉత్తరానికి నకలు తీసి ఇంకో ఓడలో కూడా పంపేవాళ్ళు. సముద్రాన్ని నమ్మలేక. కలం పట్టినవాళ్ళెప్పుడూ అనుమానపు మనుషులే. తాటాకుల మీద గ్రంథాలు ఎత్తి రాసినవాళ్ళు చివర్లో తప్పులుంటే మన్నించమని వేడుకునేవాళ్ళు, నడుం వంగిందనీ మెడ పట్టేసిందనీ మొర పెట్టుకుని మరీ. అయితే దొంగ సంతకాలు కూడా ఆ కాలం నుంచే ఉన్నాయి. ఈ మాట అంబదాస్‌తో అన్నాను.

"చేతిరాత కూడా దొంగిలించొచ్చు కదా తమ్ముడూ?"

"సంతకం దొంగిలిస్తరు. మాట దొంగిలిస్తరా?" అని ముఖం తిప్పుకున్నాడు.

నీళ్ళు దిగలేదు. డ్రైవరు నిద్రపోయాడు. మేమిద్దరం దిగి, పైవంతెన మీదుగా నడిచాం. అంబదాస్ నాకన్నా నాలుగు అడుగులు ముందు, మధ్యమధ్య వెనక్కి తిరిగి నేను ఎవరికైనా ఫోన్ చేస్తున్నానేమో చూసుకుంటూ. నేను ఎందుకు వెంటపడ్డానంటే ఏం చెప్పను? మాస్టారి పుస్తకాలు ఎక్కడికీ పోవు. చేతిరాత మంచిదని ఈ మధ్య పత్రికల్లో తరచు చదువుతున్నాను. చేత్తో రాస్తే బాగా గుర్తుంటుందట, మెదడుకి మేలట. మంచి జరుగుతుందని ఎవరు చెప్పినా వెంటనే నమ్మే వయసు దాటింది. నాకు తెలిసిన సంగతి ఒక్కటే. చెయ్యి నెమ్మదిగా నడుస్తుంది. నోటికన్నా నెమ్మది, ఫోను మీది బొటనవేలికన్నా నెమ్మది. మొదటి మాటకీ రెండో మాటకీ మధ్య మనిషికి తన్ను తాను చూసుకునే వ్యవధి దొరుకుతుంది. చూసుకుంటాడా లేదా అన్నది వేరే సంగతి.

నవాగామ్‌లో గల్లీ లోపల గల్లీ. ఇనుప మెట్లు ఎక్కితే పైన ఒక గది. తలుపు సగం తెరుచుకుంది. ఇరవై దాటిన కుర్రాడు, చెవిలో ఇయర్‌ఫోను.

"అరే కాకా! తుమ్?" అన్నాడు. నన్ను చూసి ముఖం మారింది, ఎవరని గుజరాతీలో అడిగాడు. "ఆ అంకుల్ కోణ్ ఛే? కార్పొరేషన్?"

"నా సాక్షి" అన్నాడు అంబదాస్. ఆ ముక్క నాకు అప్పుడే తెలిసింది.

"సాక్షి ఎందుకు? పంచాయితా ఏంది కాకా?"

"నీ నాయిన బతికే ఉన్నడా?"

లోపలినుంచి దగ్గు. దాని వెనకే గీసుకుపోయిన గొంతు: "ఉన్న గని లోపటికి రా. గల్లంత వినవడ్తున్నది."

సోమలింగం కిటికీ పక్కన దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. చిన్న మనిషిని పెద్ద మనిషి చొక్కాలో పెట్టినట్టున్నాడు, కాదు, చొక్కా ఆయనదే, లోపల మనిషి తగ్గిపోయాడు. భార్య రాజమ్మ నాకో స్టూలు చూపించింది. అంబదాస్ మాత్రం కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి జోడీని పైనుంచి కిందిదాకా చూశాడు, నా ఆధార్ ఫోటోని చూసినట్టే.

"ఊర్ల ఉన్నవంటిరి?"

"నెల కాలే ఒచ్చి."

"నాకు చెప్పలేదు."

"నువ్వు ఒచ్చినవా?" అన్నాడు సోమలింగం. "మంచంల పడ్డసంది ఒక్కనాడన్న ఒచ్చినవా? ఇంకో జోడీ దొరికిందేమో అనుకున్న."

"నీ కొడుకు ఫోన్ల రానిచ్చిండా? ఎప్పుడు జూసినా పండుకుండంటడు. కుంభకర్ణుని తమ్మునివైనవా ఏంది?"

రాజమ్మ నవ్వు ఆపుకుంది. ప్రణయ్ ఇయర్‌ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

అంబదాస్ ఫోను తీసి చేయి చాచాడు. "గిది నువ్వు పెట్టినవా?"

సోమలింగం కళ్ళు చిట్లించి చూశాడు. "ఏందది? నాకు ఇంగ్లీష్ ఒస్తదా?"

"నువ్వు ఇగ రావంట. మగ్గాలు ఎవలికన్న ఇయ్యమన్నవంట. ఆఖర్ల నాకు దండం గూడ పెట్టినవ్."

"నేను పెట్టలె."

"నాయిన చెప్పిండు, నేను టైప్ చేసిన" అన్నాడు ప్రణయ్ గబగబా. "ఆప్ నే హీ బోలా థా నా, నువ్వే చెప్పినవ్ గద నాయినా?"

"నేను రానని చెప్పలె."

"మరేం చెప్పినవ్?" అన్నాడు అంబదాస్.

సోమలింగం కొడుకువైపు చూశాడు. కొడుకు నేలవైపు చూశాడు. ఆ చూపుల్లో నాకు తెలియని బేరం ఏదో ఉందనిపించింది. ఒక్క క్షణం, ఈ మనిషి దగ్గు కూడా అడిగిన మాట దాటవేయడానికి వస్తోందా అనిపించింది. ఇంతలో నిజమైన దగ్గు వచ్చి, మెడ నరాలు తేలి, రాజమ్మ వీపు రాస్తూ కూర్చుంటే, అలా అనుకున్నందుకు ఇబ్బందిపడ్డాను. 

"ఏం చెప్పినవే?" మళ్ళీ అడిగాడు అంబదాస్. "మాపటికి మాస్టర్‌కు జవాబియ్యాలె. అవునంటె అవును, కాదంటె కాదు."

సోమలింగం వెనక దిండు సర్దుకున్నాడు.

"నోటికి రాకపోతె రాసి చెప్పు. మనమెన్నడు మాట్లాడుకున్నం నోటితోని?"

"నాయినా, ఛోడ్ దో" అన్నాడు ప్రణయ్. "కాకా, ఇప్పుడు గిదంత ఎందుకు? ఆయనతోని పని కాదు. డాక్టర్ గూడ చెప్పిండు. మెసేజ్ పోయింది, బాత్ ఖతం."

"నిన్నడగలె" అన్నాడు అంబదాస్.

గదిలో కాగితం వెతికే పని పడలేదు. గడప మీద గీతలకోసం పెట్టుకున్న సుద్దముక్క రాజమ్మ తెచ్చింది. గోడవార ఇనుప సందూక పెట్టె ఉంది. సోమలింగం దాని దగ్గరకు జరిగాడు. ఎవరూ చెప్పకుండానే, మగ్గం చట్రాన్ని తుడిచినట్టు, అరచేత్తో దాని మీది దుమ్ము తుడిచాడు. ఆ తుడవడం చూసి అంబదాస్ మొదటిసారి గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

సుద్ద సందూక మీద ఆనింది. రోగమో, మందులో, వేళ్ళు మాట వినడం లేదు. గీత అక్కడక్కడా తెగుతోంది, మళ్ళీ అతుకుతోంది. మొదటి మాట పూర్తయ్యేసరికి అంబదాస్ వంగి చూసి, "గిది నీ రాత కాదు" అన్నాడు.

"నాదే. చెయ్యి ఇప్పుడు గిట్లనే ఉన్నది."

అంబదాస్ ఒక్కో అక్షరం మీదుగా, తగలకుండా, వేలు జరుపుతూ చూశాడు. గుడ్డిదీపంలో కూడా పోలుస్తానన్న మనిషికి, కిటికీ వెలుగులో పోల్చుకోడానికి ఒక్క అక్షరమూ మిగల్లేదు. ఏదో బళ్ళో కొత్తగా చేరినవాడి రాతలా ఉంది. ఎదురుగా రాస్తుండగా చూడకపోతే నేనూ ఇది వేరేవాళ్ళదనే అనేవాణ్ణి. మోసపోయినవాడిలా ఆయన నావైపు చూశాడు. 

"రాయి" అన్నాడు చివరికి.

సోమలింగం రాశాడు. రాస్తున్నంతసేపూ అతని పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు.

రాత్రిల దమ్ము అందుతలేదు.

అక్కడ ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకో మాట రాశాడు.

పగలు

దాని పక్కన సుద్ద ఆనించి ఉంచాడు. చుక్క పడింది. చుక్క లావైంది. ఆ పక్కన రావలసిన మాట రాలేదు. సుద్ద పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి వానవైపు తిరిగాడు.

ఖాతాలో పగలు ఎవరిదో ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు, ఆటోలో విన్నాను గనక నాకూ తెలుసు.

"గిదే చెప్పిండు ఆ రోజు గూడ" అన్నాడు ప్రణయ్, తెలుగులో, నెమ్మదిగా. "ఎట్ల పెట్టాలె కాకా నేను? నీ పాళీ ఇయ్యుమని నీకే ఎట్ల మెసేజ్ పెట్టాలె? అందుకే సీదా రాను అని పెట్టిన. దండం గూడ అందుకే."

"దండం నువ్వు పెట్టినవా?"

"హా."

"నువ్వు పెట్టొచ్చు" అన్నాడు అంబదాస్.

రాజమ్మ గ్లాసుల్లో చాయ్ పోస్తోంది. అంబదాస్ సందూక మీదికి వంగి మళ్ళీ చదివాడు. రెండు వరసలు చదవడానికి పట్టవలసిన సమయంకన్నా ఎక్కువే పట్టింది. ఆయన అనుమానం తీరిందని నేను అనుకోను. రాత పోలలేదు, మనిషి సగమయ్యాడు, కొడుకు తండ్రి మాట మార్చి పెట్టాడు, ఊళ్ళో ఉన్నాడన్నవాడు గల్లీలో ఉన్నాడు. ఇంత జరిగాక, ఇదంతా తన పగటి పాళీకి ముగ్గురూ కలిసి వేసిన ఎత్తు అని కూడా అనుకోవచ్చు. ఆ ఆలోచన ఆయనకు వచ్చినట్టే ఉంది. తల ఎత్తి రాజమ్మని చూశాడు, ప్రణయ్‌ని చూశాడు, చివరికి నన్ను కూడా, నాకేమైనా వాటా ఉందేమోనన్నట్టు చూశాడు. సోమలింగం మాత్రం ఇటు తిరగలేదు. అడగవలసిన మాట దగ్గర చెయ్యి ఆపుకున్నవాడి వీపు అది. నటించడానికి అంత వీపు కూడా మిగల్లేదు ఆయనకు.

"చాయ్ తాగు తమ్మీ" అంది రాజమ్మ.

అంబదాస్ గ్లాసు అందుకోలేదు. "డాక్టర్ ఏమన్నడు, పగలైతె నడుస్తదా?" అని ఆమెను అడిగాడు.

"మెల్లమెల్లగ చేసుకోవచ్చన్నడు. రాత్రి మాత్రం ఒద్దన్నడు. నిద్ర లేకపోతె దమ్ము లేస్తది."

"ఆ మూలకున్నది ఇంకా అలుగుతనే ఉన్నది" అన్నాడు అంబదాస్, సోమలింగం వీపుతో. "నేను బుజ్జగిస్తె ఇంటలేదు."

సోమలింగం భుజాలు కొంచెం కదిలాయి. నవ్వో దగ్గో నాకు తెలియలేదు.

అంబదాస్ గుమ్మం దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. చాయ్ అక్కడే పొగలు కక్కుతోంది. వాన పడుతూనే ఉంది, గొడుగు లేదు. మెట్లు దిగుతూనే ఫోను తీసి ఇంట్లో భార్యకు చేశాడు. ఆ గొంతు సంగతి చెప్పాను కదా, పైన ఉన్న మా అందరికీ ప్రతి మాటా వినిపించింది.

"పద్మారాణీ, అన్నం డబ్బా ఖాతాకే పంపు. ... ఆఁ, రాత్రి పాళీకి. ... లే, ఇయ్యాల ఒక్కనాడే కాదు. ... ఎందుకంటె, ఇంటికొచ్చినంక చెప్త. పొద్దుగాల ఒస్త. ... ఫోన్ల చెప్పేది కాదే అది."

నేను వరండా కటకటాల దగ్గరికి వెళ్ళి చూశాను. గల్లీలో నీళ్ళు తన్నుకుంటూ, ప్యాంటు మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, వచ్చిన దారినే పోతున్నాడు. పోతున్నానని పైనున్న జోడీకి చెప్పలేదు, దారిలో దొరికిన సాక్షికీ చెప్పలేదు.